ఇండియానాలో సింధు

పోయిన సంచికలో ‘పచ్చడి’ మాట మీద రాసింది చదివి ఫోన్లు చేసినవాళ్ళకీ, “గోంగూరని వదిలేశావేం?” అని పాట్‌లక్‌లో నిలదీసినవాళ్ళకీ నమస్కారాలు. గోంగూర సంగతి మరోసారి చూద్దాం. ఈసారి మాట కోసం నేను నిఘంటువులు తిరగేయక్కర్లేకపోయింది. అది మట్టి అంటిన సాకర్ బూట్లతో మా ఇంటి కార్పెట్ మీద నడుచుకుంటూ వచ్చింది.

సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున, ఇండియానాపోలిస్ శివార్లలో మా పేటకి దగ్గరున్న మైదానంలో పిల్లల ఆట చూస్తున్నాం. “గో సిండీ! గో!” అని కోచ్ గొంతు చించుకుంటున్నాడు. ఎవరబ్బా ఈ సిండీ, బాగానే పరుగెడుతోంది అనుకుంటూ కాఫీ కప్పు పక్కన పెట్టి చూశాను. బంతి వెనకాల పరుగెడుతున్నది మా అమ్మాయి.

మా అమ్మాయి పేరు సింధు. నాలుగో తరగతి.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో అడిగాను. పెద్ద రహస్యమేమీ కానట్టు చెప్పింది. స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు కొత్త టీచర్ వస్తే చాలు, తన పేరు దగ్గరకొచ్చి ఆగిపోతారట. ఆ ఆగడంతోనే తెలిసిపోతుందట, వచ్చేది తన పేరేనని. ఆ పైన వెనక బల్లలో ఇద్దరు కుర్రాళ్ళు ఆ పేరుని రెండు ముక్కలు చేసి ‘సిన్... డూ’ అని, అంటే పాపం చేయమని అర్థం వచ్చేలా పాడతారట. సిండీ అంటే ఈ గొడవేం లేదు.

“అయితే మాత్రం పేరు మార్చేసుకుంటావా?” అన్నాను, కొంచెం గట్టిగానే.

“నిన్ను ఆఫీసులో సామ్ అంటారు కదా నాన్నా. నీ మీటింగుల్లో విన్నాను.”

మా ఆవిడ ముందు సీట్లో కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటోంది.

నా పూర్తి పేరు సాంబశివరావు. 2003లో ఎమ్మెస్ చదవడానికి వచ్చాను. మొదటి ఉద్యోగంలో మేనేజరు నా పేరు చూసి ‘సాం...’ దాకా వచ్చి ఆగి, “సామ్ అనొచ్చా?” అన్నాడు. “ఓ, తప్పకుండా” అన్నాను. ఆలోచించడానికి రెండు సెకన్లు కూడా తీసుకోలేదు. వీసా కాగితాలు ఆయన చేతిలో ఉన్నాయి మరి. అప్పట్నించీ ఎన్ని ప్రాజెక్టులు మారినా, ఎందరు క్లయింట్లు మారినా నేను సామ్‌నే. మా అమ్మ పెట్టిన పేరు పాస్‌పోర్టులోనూ, పూజలో గోత్రనామాల దగ్గరా మాత్రమే మిగిలింది. ఈ సంగతి కార్లో వెనక సీట్లోంచి ఒక తొమ్మిదేళ్ళ పిల్ల గుర్తుచేసేదాకా నాకు పట్టలేదు.

ఇక ఏమనగలను? ఇల్లు చేరేదాకా రేడియో విన్నాను.

సింధు పేరు పెట్టింది కూడా మా అమ్మే. మాది కృష్ణ ఒడ్డు, అవనిగడ్డ వైపు పల్లెటూరు. అమ్మ రోజూ స్నానం చేసేటప్పుడు ఏడు నదుల పేర్లూ తలుచుకునే శ్లోకం చదువుతుంది. మీలో చాలామంది ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చదివేదే. గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి అందరూ వచ్చి ఈ చెంబులో నీళ్ళలో ఉండండమ్మా అని పిలవడం అన్నమాట. పాప పుట్టినప్పుడు ఫోన్లో పేర్లు అనుకుంటుంటే అమ్మ ఆ ఏడింట్లోంచి సింధు అంది. గంగ, యమున పాతకాలం పేర్లని మనమే వద్దంటామని ఆవిడకి తెలుసు. ఆ శ్లోకం మీద అమ్మకో పాత ఫిర్యాదు కూడా ఉంది. “గోదారిని పిలిచారు, కావేరిని పిలిచారు. మన కృష్ణమ్మేం చేసిందిరా? ఆ కట్టినాయన ఎవరోగానీ బెజవాడ దాకా వచ్చినట్టు లేడు.” నా దగ్గర దీనికి ఇప్పటికీ సమాధానం లేదు.

రెండు వారాల తర్వాత మరో కాగితం ఇంటికొచ్చింది. ఇక్కడ నాలుగో తరగతిలో రాష్ట్ర చరిత్ర చెప్తారు. ఒక్కో పిల్ల ఒక్కో విషయం మీద పోస్టర్ చేసి క్లాసులో చెప్పాలి. మా అమ్మాయికి వచ్చిన అంశం: ‘మన రాష్ట్రానికి ఇండియానా అనే పేరు ఎలా వచ్చింది?’

నేను లాటరీ తగిలినవాడిలా సోఫాలోంచి లేచాను. “అమ్మాయ్, ఈ పోస్టర్‌లో మొదటి మాట ఏమిటో తెలుసా? నీ పేరు” అన్నాను. నమ్మలేదు. పిల్లలూ, మీరూ నమ్మకపోతే నాతోపాటు రండి. అమెరికా నుంచి వెనక్కి నడవం. అక్కణ్ణించే మొదలుపెట్టి ఇక్కడికొద్దాం.

టిబెట్‌లో కైలాస పర్వతానికి దగ్గర్లో ఒక నది పుడుతుంది. అక్కడివాళ్ళు దాన్ని సింహం నోట్లోంచి వచ్చిన నది అంటారు. లదాఖ్ గుండా, లేహ్ పట్నం పక్కనుంచి పారి, గిల్గిత్ బాల్టిస్తాన్ కొండల్లో వంక తిరిగి, పాకిస్తాన్ పంజాబులోకి దిగుతుంది. అక్కడ జీలం, చీనాబ్, రావి, బియాస్, సట్లెజ్ అయిదూ కలిసి వచ్చి దీంట్లో పడతాయి. చివరికి కరాచీ దగ్గర అరేబియా సముద్రం. సుమారు 3,000 కిలోమీటర్ల ప్రయాణం. మన గోదావరి 1,465 కిలోమీటర్లు, కాబట్టి రెండు గోదావరుల పొడుగు.

ఋగ్వేదం నాటివాళ్ళు ఈ నదిని సింధు అన్నారు. ప్రవహించడం అనే అర్థమున్న ‘స్యంద్’ ధాతువు నుంచి వచ్చిందని మన వ్యాకరణం వాళ్ళు చెప్తారు. ఈ నది పేరూ అదే, ఏ నదికైనా వాడే మాటా అదే. తర్వాత కాలంలో సముద్రానికి కూడా సింధువు అనే పేరు నిలబడింది. బిందువు బిందువు కలిస్తే సింధువు అంటాం కదా, అక్కడ సింధువు సముద్రం. కరుణాసింధు అంటే దయకి సముద్రం. అమరకోశం ఈ మాటకి దేశం, నది, సముద్రం అని మూడు అర్థాలూ ఇస్తుంది. సముద్రమైతే పుంలింగం, మామూలు నది అయితే స్త్రీలింగం, ఈ ఫలానా సింధునది అయితే మళ్ళీ పుంలింగం. ఈ సంగతి చెప్పకుండా ఉండాల్సింది. “నాది మగపిల్లాడి పేరా?” అని ఒక పూట అలిగింది. పష్తో భాషవాళ్ళు ఆ నదిని నదులకు తండ్రి అనే అర్థంలో ‘అబాసీన్’ అంటారని చెబితే ఇంకా అలిగింది.

ఇప్పుడు పక్కింటికి పోదాం. ఇరాన్ వాళ్ళ పాత భాష మన సంస్కృతానికి అక్కచెల్లెలి వరస. కానీ మనం ‘స’ అన్నచోట చాలాసార్లు వాళ్ళు ‘హ’ అంటారు. మన అసురుడు వాళ్ళకి అహుర, మన సోమం వాళ్ళకి హౌమ. మన సప్త వాళ్ళకి హప్త. దాంట్లోంచే ఏడు రోజుల వారానికి పారసీకంలో హఫ్తా అనే మాట వచ్చింది. తెలుగు సినిమాల్లో రౌడీలు దుకాణాల దగ్గర వసూలు చేసే హఫ్తా ఇదే, వారం వారం ఇచ్చేది కాబట్టి. సప్తాహం అంటే గుళ్ళో భజన, హఫ్తా అంటే బజార్లో దౌర్జన్యం. ఒకే మాట చూడండి, ఏ దారిన వచ్చిందన్నదాన్నిబట్టి ఎక్కడ తేలిందో.

అలాగే మన సప్తసింధువులు వాళ్ళ అవెస్తా గ్రంథంలో ‘హప్త హెందు’. క్రీస్తు పూర్వం 522 నుంచి 486 దాకా పారసీక సామ్రాజ్యాన్ని ఏలిన దరియస్ చక్రవర్తి తనకు కప్పం కట్టే దేశాల పట్టికను రాతిమీద చెక్కించాడు. నక్ష్-ఎ-రుస్తం కొండ మీద ఉన్న ఆ పట్టికలో ‘హిందుష్’ అనే పేరుంది. అంటే సింధునది ఉన్న ప్రాంతం. సూసా నగరంలో ఆయన కట్టుకున్న భవనానికి ఏనుగు దంతం తెప్పించిన చోట్లలోనూ ఈ హిందుష్ ఒకటి. అప్పటికి ఆ మాటకి మతంతో పని లేదు. ఫలానా నది అవతలివాళ్ళు, అంతే.

దరియస్ ఆ నది ఎక్కడ సముద్రంలో కలుస్తుందో చూసి రమ్మని స్కైలాక్స్ అనే నావికుణ్ణి పంపించాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఓడలు నది వెంట కిందికి దిగి, సముద్రంలో పడి, చుట్టూ తిరిగి ఈజిప్టు చేరడానికి ముప్పయ్యో నెల వచ్చిందట. మొసళ్ళుండే నదులు రెండే రెండని, ఒకటి నైలు అయితే రెండోది ఇదని కూడా హెరొడోటస్ లెక్క. పోస్టర్ మీద నది పక్కన మొసలి బొమ్మ వెయ్యాలని మా అమ్మాయి అప్పుడే నిర్ణయించేసుకుంది. ఆ తర్వాత నేను చెప్పిందంతా మొసలికి రంగులు వేస్తూనే విన్నది.

ఈ పేరు గ్రీకులకి పారసీకుల నోటినుంచి అందింది. ఆసియా మైనరు తీరంలో ఉండే గ్రీకులు మాట మొదట్లో ‘హ’ని మింగేసేవాళ్ళు. మనవాళ్ళలో ‘హనుమంతరావు’ని ‘అనుమంతరావు’ అనేవాళ్ళు లేరూ, అలా. హిందు కాస్తా ‘ఇండోస్’ అయింది. ఆ నది ఉన్న దేశం ఇండియా. లాటిన్ వాళ్ళు నదిని ఇండస్ అన్నారు. ఇంగ్లీషువాళ్ళకి ఆ పేరే చేరింది. ఇటు అరబ్బులు సింద్, హింద్ రెండూ ఉంచుకున్నారు. నది కింది ప్రాంతం సింద్, దాని అవతలి విశాల దేశం హింద్. అటు చైనా వాళ్ళు ముందు షెందు అన్నారు. ఏడో శతాబ్దంలో మన దేశం తిరిగి వెళ్ళిన హుయాన్ త్సాంగ్ దాన్ని యిందు అని సరిచేసి, ఆ మాటకి చంద్రుడని అర్థం చెప్పాడు. ‘ఇందు’ అనుకున్నాడు పాపం. అంత పండితుడికే తప్పు పోయిందంటే నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

హిందూ అనే మాటని మనవాళ్ళు మన గురించి వాడుకోవడం చాలా తర్వాతి సంగతి. విజయనగర రాజులు 14వ శతాబ్దంలో ‘హిందూరాయ సురత్రాణ’ అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానుకి సంస్కృత వేషం. పారసీకం నుంచి తిరిగొచ్చిన మాటనీ, అరబ్బీ మాటనీ పక్కపక్కన కూర్చోబెట్టి శాసనంలో చెక్కించుకున్న ఆ రాజుల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఇక 1492. కొలంబస్ పడమటివైపు నుంచి ఇండియా చేరబోయి, దారిలో వేరే ఖండం అడ్డొస్తే అదే ఇండియా అనుకుని, అక్కడి మనుషుల్ని ఇండియన్లు అన్నాడు. తప్పు దిద్దుకున్నారుగానీ పేరు దిద్దలేదు. 1800లో ఇక్కడ ఇండియానా టెరిటరీ ఏర్పడింది. ఇండియన్ల నేల అని అర్థం. 1816 డిసెంబరు 11న అది అమెరికాలో 19వ రాష్ట్రమైంది.

ఇక్కడ మా అమ్మాయి రంగు పెన్సిల్ ఆపింది. “మరి వాళ్ళ అసలు పేరేంటి?”

మయామీ, పొటవాటమీ, లెనాపే అని పేర్లు చెప్పాను. 1838లో పొటవాటమీ జనాన్ని ఈ నేలమీంచి తుపాకులు పట్టుకుని కాన్సాస్ దాకా నడిపించారని, దారిలో పిల్లలూ ముసలివాళ్ళూ చాలామంది చనిపోయారని చెప్పాను. చెప్పాలా వద్దా అని ఒక్క నిమిషం ఆలోచించే చెప్పాను.

“ఇండియన్ అని పిలవొచ్చా అని వాళ్ళని ఎవరూ అడగలేదా?”

“లేదు.”

“నిన్ను మేనేజర్ అడిగాడు కదా, సామ్ అనొచ్చా అని.”

“అడిగాడు.”

ఇంకేం అనలేదు. మొసలికి పళ్ళు గీసుకుంది. నాకు మాత్రం ఆ మాట రెండు రోజులు వెంటాడింది.

సరే, ఊరి పేరు కూడా తేల్చుకుందాం. ఇండియానాపోలిస్‌లో చివరి ముక్క పోలిస్. గ్రీకులో నగరం. అది మన సంస్కృతంలో పుర, పురి మాటలకి చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు చెప్తారు. అంటే మొదటి ముక్క సింధు నుంచి, చివరి ముక్క పురానికి చుట్టం. ఇప్పుడు రాయలసీమలో హిందూపురం తీసుకోండి. మొదటి ముక్క సింధు నుంచి, చివరిది పురం! మరాఠా సేనాని మురారిరావు తన తండ్రి హిందోజీరావు పేరున కట్టించాడని అక్కడివాళ్ళు చెప్తారు కాబట్టి అర్థాలు ఒకటి కావు, కథలు ఒకటి కావు. కానీ విడి భాగాలు మాత్రం ఒకే ఫ్యాక్టరీవి. మా అసోసియేషన్‌లో ఒక హిందూపురం ఆయన ఉన్నారు. “అయితే నేను ఇల్లు మారలేదన్నమాట” అన్నారు.

ఈ మాట ఎక్కడెక్కడ దాక్కుందో ఇంట్లో వెతకడం ఒక వారం మా ఆట అయింది. మీరూ ఆడుకోవచ్చు. చింతపండు పొట్లం మీద ఇంగ్లీషులో టామరిండ్ అని ఉంటుంది. అరబ్బుల ‘తమర్ హింది’ అది, హింద్ దేశపు ఖర్జూరం అని. చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు అంటారుగానీ పేరు మాత్రం మనది. పైగా శాస్త్రీయ నామం టామరిండస్ ఇండికా. హింద్ ఒకసారి, ఇండ్ ఒకసారి, సింధు రెండుసార్లు మునిగిందన్నమాట మన చారులో. నీలిమందుకి గ్రీకులు ‘ఇండియా సరుకు’ అని పేరు పెడితే అది ఇండిగో అయింది. 1863లో జర్మనీలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక కొత్త లోహాన్ని కనిపెట్టారు. దాన్ని వేడిచేస్తే వచ్చే కాంతిలో ఇండిగో రంగు గీత కనపడిందని ఇండియం అన్నారు. ఆ ఇండియం కలిసిన పల్చటి పూతే టచ్ స్క్రీన్‌లలో వాడతారు. మీ అబ్బాయి భోజనం దగ్గర కూడా వదలకుండా వేలితో తుడుస్తున్న ఆ గాజుపలకలో ఒక నది పేరుంది.

తెలుగులో అందరికంటే ఎక్కువసార్లు వినపడేది మాత్రం సైంధవుడు. సింధుదేశపు రాజు కాబట్టి సైంధవుడు. కౌరవుల చెల్లెలు దుస్సలకి మొగుడు, అసలు పేరు జయద్రథుడు. పద్మవ్యూహంలోకి అభిమన్యుడు ఒక్కడూ దూరితే, వెనక వస్తున్న భీముణ్ణీ ధర్మరాజునీ నకుల సహదేవుల్నీ వాకిట్లోనే ఆపేశాడు. అప్పట్నించీ మన పనికి ఎవడు అడ్డొచ్చినా ‘సైంధవుడిలా అడ్డుపడ్డాడు’ అంటాం. ఒక దేశపు వాణ్ణి అని చెప్పే మాట మన భాషలో తిట్టు అయి కూర్చుంది. సింధు ఒడ్డువాళ్ళకి ఈ సంగతి తెలిస్తే ఏమనుకుంటారో.

అదే సైంధవం అంటే గుర్రం కూడా, ఆ దేశపు గుర్రాలు మేలైనవి కాబట్టి. ఉప్పు కూడా సైంధవమే, ఆ దేశపు కొండల్లో తవ్వుతారు కాబట్టి. సంస్కృతం చదువుకునేవాళ్ళకి నానార్థాలు చెప్పేటప్పుడు పంతుళ్ళు వాడే పాత ఉదాహరణ ఒకటుంది. యజమాని ‘సైంధవం పట్రా’ అన్నాడట. విస్తరి ముందు కూర్చుని అంటే ఉప్పు తేవాలి, తలపాగా చుట్టుకుని అంటే గుర్రం తేవాలి. ఆ తెలివి లేని నౌకరు భోజనాల గదిలోకి గుర్రాన్ని తోలుకొస్తాడు. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. సందర్భం చెప్పకుండా కంప్యూటర్‌కి పని పురమాయిస్తే వచ్చేది గుర్రమే.

ఆ ఉప్పు కోసమే నేను ఊళ్ళో ఒక పాకిస్తానీ కిరాణా కొట్టుకి వెళ్ళాను, పోస్టర్‌కి అంటించడానికి ఒక గులాబీరంగు రాయి కావాలంటే. అమెరికా దుకాణాల్లో ‘హిమాలయన్ పింక్ సాల్ట్’ అని ముద్దుగా అమ్మేది చాలామటుకు మన సైంధవ లవణమే. పాకిస్తాన్ పంజాబులో సింధు, జీలం నదుల మధ్య ఖేవ్రా గనుల్లోంచి వస్తుంది. హిమాలయాలు అక్కడికి చాలా దూరం. కానీ ‘ఖేవ్రా ఉప్పు’ అంటే అంత ధర ఎవరిస్తారు?

కొట్టాయన పెద్దమనిషి, మాట మంచిది. నన్ను ఉర్దూలో ఏ ఊరన్నాడు. అందరికీ చెప్పినట్టే హైదరాబాద్ అన్నాను, అవనిగడ్డ అంటే ఎవరికి తెలుస్తుంది. “నాదీ హైదరాబాదే” అన్నాడు. నేను దిల్‌సుఖ్‌నగరా, మెహదీపట్నమా అని అడగబోయి ఆగాను. ఆయనది సింధ్‌లో హైదరాబాద్. మనది 1591లో కట్టారు, వాళ్ళది 1768లో. వాళ్ళ ఊరు సరిగ్గా సింధు ఒడ్డున ఉంటుంది.

మా అమ్మాయిని పేరడిగాడు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగింది. హాజరు పిలిచే టీచరులాగే ఆగింది. తర్వాత, “సింధు” అంది.

ఆయన కౌంటర్ అవతలి నుంచి ఇవతలికి వచ్చేశాడు. “ఇది మా నది పేరు బేటీ!” అన్నాడు. చిన్నప్పుడు ఈత కొట్టిన రేవులు చెప్పాడు, ఇసుక తిన్నెల మీద పుచ్చకాయలు చెప్పాడు. ఊరికి ఎగువన 1955లో కోట్రి బరాజ్ కట్టారట. ఏడాదిలో చాలా నెలలు దాని కింద నదిలో ఇసుకే కనిపిస్తుందట. సముద్రం దగ్గర డెల్టాలోకి ఉప్పునీళ్ళు ఎక్కి ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయట. నాకు దివిసీమ గుర్తొచ్చింది. ప్రకాశం బరాజ్ కింద ఎండాకాలం మా కృష్ణ కూడా అలాగే ఉంటుందని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఇంతసేపు మాట్లాడుకున్నాం కానీ నెహ్రూ, అయూబ్ ఖాన్ 1960 సెప్టెంబరు 19న కరాచీలో సంతకాలు పెట్టిన నదీజలాల ఒప్పందం ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. దాన్ని నిలిపి ఉంచుతున్నట్టు 2025 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం ప్రకటించిన సంగతి ఇద్దరికీ తెలుసు. ఉప్పు రాయికి డబ్బులు తీసుకోలేదు. మా అమ్మాయి పేరుని ఆయన ‘ధ’ కింద ఒత్తుతో సహా పలికాడు. నిజం చెప్పాలంటే మనలోనే ఎంతమందిమి అలా పలుకుతాం? పేరు పెట్టిన మా అమ్మే ‘సిందూ’ అంటుంది.

తర్వాత నేను కార్లో కూర్చుని చాలాసేపు అదే ఆలోచించాను. 1947లో దేశం రెండుగా చీలినప్పుడు నదిలో ఎక్కువ భాగం అటు పోయింది, నది పేరు ఇటు మిగిలింది. ఇండియా అనే పేరు మనం ఉంచుకోవడం జిన్నాకి నచ్చలేదు కూడా. ఈ రోజున ఇండియా చేతిలో ఉన్న సింధునది లదాఖ్‌లో పారే ఆ కొద్దిపాటి ముక్కే. మన జాతీయగీతంలో సింధ్ ఉంది, దేశంలో లేదు కాబట్టి తీసేయాలని ఒకాయన సుప్రీంకోర్టుకి వెళ్తే, 2005లో కోర్టు కుదరదని కొట్టేసింది. సింధ్ అంటే ఒక భూభాగం మాత్రమే కాదు, సింధీ ప్రజలూ వాళ్ళ సంస్కృతీ కూడా అని చెప్పింది. ఊరొదిలి ఎనిమిది వేల మైళ్ళ అవతల సంక్రాంతి ముగ్గులు గరాజ్ ముందు వేసుకునే మనకి ఆ తీర్పు కొత్తగా చెప్పాల్సిందేముంది.

పోస్టర్ రోజు వచ్చింది. మధ్యలో మొసలి, పక్కన ఉప్పు రాయి, సింధు నుంచి హిందుష్, ఇండోస్, ఇండియా, ఇండియన్, ఇండియానా దాకా బాణం గుర్తులు. అడుగున ఎర్ర అక్షరాల్లో మయామీ, పొటవాటమీ, లెనాపే పేర్లు. ఆ మూడూ రాయాలన్నది తన ఆలోచనే. పోస్టర్ పట్టుకుని నిలబడి మొదటి మాట “నా పేరు మీ రాష్ట్రం పేరులో ఉంది” అన్నదట. టీచర్ పేరు సరిగ్గా ఎలా పలకాలో అడిగి మూడుసార్లు అని చూశారట. వెనక బల్ల కుర్రాళ్ళు పాడారా అని అడిగాను. “వాళ్ళు మొసలి గురించే అడిగారు” అంది.

అంతా బాగుంది కదా, ఇక సిండీ ఎందుకు అని ఆ రాత్రి మెల్లగా కదిపాను. మా అమ్మాయి బేరం పెట్టింది. తను స్కూల్లో సింధు అనిపించుకుంటుంది, కానీ నేను ఆఫీసులో సామ్ మానేయాలి. “నువ్వు ముందు” అంది.

ఒక నలభై దాటిన కన్సల్టెంటుకి ఇది ఎంత కష్టమో మీకు తెలుసు. నా ఈమెయిలు, బాడ్జి, ఇన్నేళ్ళ పరిచయాలు అన్నీ సామ్ మీదే ఉన్నాయి. రెండు సోమవారాలు వాయిదా వేశాను. మూడో సోమవారం మీటింగ్ మొదట్లో గొంతు సవరించుకుని, నా పేరు సాంబశివరావు అని, పొడుగనిపిస్తే మా ఇంట్లో పిలిచినట్టు సాంబా అనవచ్చునని చెప్పాను. అవతల కొంచెంసేపు నిశ్శబ్దం. తర్వాత క్లయింటు వైపు నుంచి ఒకాయన అడిగాడు. “సాంబా అంటే ఆ ఫైల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పేరేనా? భలే, మర్చిపోలేం!”

మా అమ్మకి ఫోన్లో చెబితే, నలభై ఏళ్ళుగా తను పిలుస్తున్నది అదేగా, ఇందులో వింతేముందిరా అంది. సింధు పేరు కథంతా పూర్తిగా విని, ఆ తర్వాత కూడా, “మరి కృష్ణ పేరు ఏ దేశానికీ పెట్టలేదా?” అని అడిగింది.

స్కూల్లో ఇప్పుడు సింధు. సాకర్ టీములో మాత్రం ఇంకా సిండీయే. జెర్సీ మీద ముందే అచ్చు వేయించేశారట, కొత్తది వసంతకాలం సీజన్‌కి గానీ ఇవ్వరట.